వోల్టేర్‌నీ కాంట్‌నీ బిట్ పేపర్లోంచి బయటికి లాగి చదవడం ఎలా

"లాక్ – సహజ హక్కులు, మాంటెస్క్యూ – అధికార విభజన, రూసో – జనేచ్ఛ, వోల్టేర్ – మత సహనం. జతపరచండి." జ్ఞానోదయ యుగం, అంటే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో యూరప్ రచయితలు పాత ఆనవాయితీల్ని హేతువుతో ప్రశ్నించిన కాలం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఈ బిట్టే. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను కాబట్టి ఈ జతలు నేనూ కంఠతా పట్టిస్తాను, మార్కులు రావాలి కదా. అయితే ఏ బ్యాచ్‌లోనైనా ఒకరిద్దరు క్లాసయ్యాక ఆగి, "మేడం, వాళ్లు రాసింది నేరుగా చదవాలంటే దేంతో మొదలెట్టాలి?" అని అడుగుతారు. ఇది వాళ్లకోసం. గ్రూప్స్‌కి చదివేవాళ్లకీ పనికొస్తుంది గానీ మార్కులు పెరుగుతాయని మాత్రం హామీ ఇవ్వను.

ముందు చేయకూడని పని చెప్పేస్తాను. ఎవరు ముందు పుట్టారు, ఎవరు తర్వాత పుట్టారు అని వరస కట్టి చదవకండి. అలా చదివితే లాక్ దగ్గరే నిద్రొస్తుంది, పుస్తకం అటకెక్కుతుంది. వీళ్లెవరూ పాఠ్యపుస్తకాలు రాయలేదు. ప్రతివాళ్లూ ఎవరితోనో ఒకరితో తగాదా పడుతూ రాశారు. ఆ తగాదా ఏమిటో తెలిస్తే పేజీలు వాటంతటవే కదులుతాయి. తెలియకపోతే హేతువు, ప్రగతి, స్వేచ్ఛ అన్నవి గోడ మీద వెలిసిపోయిన నినాదాల్లా ఉండిపోతాయి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏది చదివినా మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోండి. ఇది ఎవరి మీద రాశాడు? అచ్చయ్యాక పుస్తకానికి గానీ ఆయనకి గానీ ఏమైంది? "మనుషులు" అన్నప్పుడు ఆ లెక్కలోంచి ఎవర్ని వదిలేశాడు? మూడో ప్రశ్న అడగడం మొదలెట్టాక కొందరు పిల్లలు అందరి మీదా విరుచుకుపడి, ఇక చదవక్కర్లేదని తేల్చేస్తారు. అలా కాదు. వదిలేసింది ఎవర్నో రాసుకోండి, చదవడం మాత్రం ఆపకండి. ఎందుకంటే ఆ వదిలేసినవాళ్లే తర్వాత అదే వాదాన్ని పట్టుకుని వీళ్లని నిలదీశారు.

పుస్తకాలకి డబ్బు అక్కర్లేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత ఇంగ్లిష్ అనువాదాలు ఉచితంగా దొరుకుతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మాత్రం ముందుగా ఎర్లీ మోడర్న్ టెక్స్ట్స్ అనే సైటు చూడండి. లాక్, హ్యూమ్, రూసో లాంటివాళ్ల రచనల్ని ఈ కాలపు తేలిక ఇంగ్లిష్‌లోకి మార్చి పెట్టారు. అసలు వాక్యం రుచి కొంత పోతుంది, కానీ వాదం చేతికందుతుంది.

మొదలు బెకారియాతో. మన బిట్ పేపర్లలో ఈయన పేరు అరుదు. ఇటలీలో మిలాన్ మనిషి. 1764లో "నేరాలు, శిక్షలు" అన్న చిన్న పుస్తకం పేరు వేసుకోకుండా లివోర్నోలో అచ్చు వేయించాడు. అప్పటికి ఆయన వయసు 26. అందులో చిత్రహింస మీద ఉన్న అధ్యాయం ఒక్కటి తీయండి. అప్పట్లో యూరప్‌లో చాలా చోట్ల నిందితుణ్ణి హింసించి ఒప్పించడం చట్టబద్ధమైన విచారణ పద్ధతి. దాని మీద బెకారియా జాలి గురించి మాట్లాడడు, లెక్క వేస్తాడు. నేరం రుజువైందా, కాలేదా? రుజువైతే ఒప్పుకోలుతో పనేముంది, చట్టం చెప్పిన శిక్ష వేయండి. కాకపోతే వాడు నిరపరాధి కిందే లెక్క, నిరపరాధిని ఎలా హింసిస్తారు? అక్కడితో ఆగడు. హింస తట్టుకునే మొరటు దొంగ తప్పించుకుంటాడు, తట్టుకోలేని అమాయకుడు ఇరుక్కుంటాడు అంటాడు. ఆ మీదట గొప్ప వెటకారం ఒకటి ఉంది: ఫలానా మనిషి కండబలం, నరాల సున్నితత్వం ఇంత అని చెబితే, చేయని నేరం ఒప్పుకోవడానికి ఎంత నొప్పి కావాలో లెక్కల మాస్టారు జడ్జికన్నా బాగా చెప్పగలడట.

ఈ అధ్యాయం రెండుసార్లు చదవండి. ఆ కాలంలో "హేతువు" అంటే ఏమిటో నిర్వచనం లేకుండానే తెలిసిపోతుంది. ఎప్పట్నించో నడుస్తున్న ఆనవాయితీని బల్ల మీద పెట్టి, ఇది దేనికోసం, ఆ పని చేస్తోందా అని అడగడం. పుస్తకం ఏమైందో కూడా రాసుకోండి. కేథలిక్ చర్చి 1766లో నిషేధిత గ్రంథాల జాబితాలో చేర్చింది. అదే పుస్తకంలోంచి రష్యా రాణి కేథరీన్ 1767లో తన చట్టాల ముసాయిదాకి పేరాలకు పేరాలు ఎత్తుకుంది. 1786లో ఇటలీలోని టస్కనీ మరణశిక్షని రద్దు చేసింది.

రెండోది ఫ్రెంచి రచయిత వోల్టేర్. ఈయన రాసింది కొండంత ఉంది, అందుకే ఒకే ఒక్క కేసు పట్టుకోండి. ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో జాన్ కలాస్ అని ఓ బట్టల వ్యాపారి. ప్రొటెస్టెంటు. కేథలిక్ ఊళ్లో మైనారిటీ. 1761 అక్టోబరు 13 రాత్రి భోజనాలయ్యాక పెద్ద కొడుకు మార్క్ ఆంట్వాన్ కింద కొట్లో చచ్చిపడి కనిపించాడు. జనం పోగయ్యారు. ఎవరో అన్నారు: కొడుకు కేథలిక్‌గా మారబోతున్నాడని తండ్రే చంపేశాడు. అంతే, పుకారు కేసైంది. ఆత్మహత్య చేసుకున్నవాళ్ల శవాన్ని వీధుల్లో ఈడ్చే కాలం కాబట్టి ఇంట్లోవాళ్లు మొదట ఎవరో చంపారన్నారు, తర్వాత ఉరేసుకున్నాడన్నారు. మాట మార్చారని అది ఇంకా మెడకి చుట్టుకుంది. 1762 మార్చి 10న కలాస్‌ని చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. చివరిదాకా నేను చేయలేదనే అన్నాడు.

వోల్టేర్ అప్పటికి జెనీవా పక్కన ఫెర్నేలో ఉంటున్నాడు, వయసు 67. కబురు విన్నప్పుడు మొదట ఆయనా వెటకారమే ఆడాడు. తర్వాత అనుమానం వచ్చి, కలాస్ చిన్న కొడుకుని పిలిపించి ప్రశ్నించాడు, తెలిసినవాళ్లందరికీ ఉత్తరాలు రాశాడు. 1763లో వచ్చిన "సహనం మీద గ్రంథం" మొదటి అధ్యాయం ఈ కేసే. అది చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని వాదాన్ని మెట్టు మెట్టుగా గీసుకోండి. తండ్రికి 68 ఏళ్లు అంటాడు వోల్టేర్ (నిజానికి నాలుగైదేళ్లు తక్కువే), కాళ్లు వాచి సత్తువ లేనివాడు. కొడుకు 28 ఏళ్ల దృఢమైన మనిషి. ముసలాయన ఒక్కడే వాణ్ణి ఉరి తీయగలడా? లేడు. మరి సాయం ఎవరు పట్టుండాలి? భార్య, ఇంకో కొడుకు, ఆ రాత్రి భోజనానికి వచ్చిన స్నేహితుడు, పనిమనిషి. ఆ పనిమనిషి ఎవరు? నిష్ఠ గల కేథలిక్. ఆ ఇంట్లో మరో కొడుకు మతం మారడానికి తోడ్పడింది ఆమే. ఆమె చేయి కలుపుతుందా? చేస్తే అందరూ కలిసే చేయాలి, లేదా ఎవరూ చేయలేదు. మరి జడ్జీలు చక్రానికి ఎక్కించింది తండ్రి ఒక్కణ్ణే. అంటే తీర్పు దాని మాట అదే నమ్మలేదన్నమాట.

నా మటుకు నాకు ఈ పేరా ముందు మిగతా వోల్టేర్ అంతా దిగదుడుపే. 1765 మార్చి 9న కలాస్ నిర్దోషి అని రాజు నియమించిన న్యాయమూర్తులు తేల్చారు. మనిషి పోయి మూడేళ్లు.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లకోసం ఒక చిన్న పక్కదారి. 1773లో వోల్టేర్ "భారతదేశం మీద శకలాలు" అని రాశాడు. ఆయన ఇటు ఎప్పుడూ రాలేదు. రాసింది లాలీ అనే ఫ్రెంచి సేనాధిపతి కోసం. బొబ్బిలి యుద్ధం తెలిసినవాళ్లందరికీ ఫ్రెంచి సేనాని బుస్సీ తెలుసు. ఆ బుస్సీని 1758లో హైదరాబాదు నుంచి వెనక్కి పిలిపించింది ఈ లాలీయే. బుస్సీ వెళ్లాక ఇక్కడ మిగిలిన ఫ్రెంచి దళాన్ని ఆ డిసెంబరులో మా పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లిష్ కంపెనీ కల్నల్ ఫోర్డ్, విజయనగరం రాజు కలిసి ఓడించారు. మరుసటేడు బందరు పోయింది, 1761లో పుదుచ్చేరి పోయింది. ప్యారిస్‌లో ఎవరో ఒకరు బలి కావాలి. 1766లో ద్రోహం చేశాడని తేల్చి, లాలీ నోరు కట్టేసి తల నరికారు. వోల్టేర్ మళ్లీ కలాస్ పద్ధతే పట్టాడు: ఓడిపోవడం వేరు, ద్రోహం వేరు, రుజువెక్కడ? 1778 మేలో ఆ తీర్పు కొట్టేశారన్న కబురు వోల్టేర్‌కి మరణశయ్య మీద అందింది. లాలీ కొడుక్కి నాలుగు ముక్కలు రాయించి ఆ నెల 30న పోయాడు. కోస్తా జిల్లాల వాళ్లు జ్ఞానోదయ యుగం మనకి సంబంధం లేని గొడవ అంటే ఈ కథ చెప్పండి.

ఇప్పుడు జర్మన్ తత్వవేత్త కాంట్. కంగారు పడకండి, ఆ లావు పుస్తకం కాదు. 1784 డిసెంబరులో బెర్లిన్ మాసపత్రికలో వచ్చిన చిన్న వ్యాసం, "జ్ఞానోదయం అంటే ఏమిటి?" గంటలో అయిపోతుంది. ఒకాయన అదే పత్రికలో ఈ ప్రశ్న అడిగితే ఇచ్చిన జవాబు. మొదటి పేరా అందరూ ఉదహరిస్తారు: మనిషి తనంతట తాను తెచ్చిపెట్టుకున్న పసితనం నుంచి బయటికి రావడమే జ్ఞానోదయం, సొంత బుద్ధి వాడే ధైర్యం చెయ్యి అని. నన్నడిగితే రెండో పేరా ఇంకా బావుంటుంది. నా బదులు ఆలోచించే పుస్తకం ఉంది, నా అంతరాత్మ బాధ్యత పాస్టరు తీసుకుంటాడు, ఏం తినాలో డాక్టరు చెబుతాడు, ఇక నాకు కష్టమెందుకు, డబ్బిస్తే చాలదూ అంటాడు. వాట్సాప్ ఫార్వర్డులు చూస్తున్నప్పుడల్లా నాకు ఈ పేరా గుర్తొస్తుంది.

చిక్కు మధ్యలో ఉంది. అక్కడ నెమ్మదిగా చదవండి. బుద్ధిని బహిరంగంగా వాడటానికి పూర్తి స్వేచ్ఛ ఉండాలి, ప్రైవేటుగా వాడటానికి కట్టుబాటు పెట్టొచ్చు అంటాడు. మనకి తలకిందులుగా అనిపిస్తుంది. ఆయన లెక్కలో ప్రైవేటు అంటే ఇల్లు కాదు, ఉద్యోగం. సైనికాధికారి ఆజ్ఞ వచ్చినప్పుడు వాదించకూడదు. కానీ అదే అధికారి పండితుడి హోదాలో చదువరుల ముందు సైన్యంలో లోపాల మీద రాయొచ్చు. పన్ను కట్టాల్సిందే, ఆ పన్ను అన్యాయం అని రాయొచ్చు. ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్లు ఇక్కడ ఆగి తమ సర్వీసు రూల్సు ఓసారి గుర్తు చేసుకుంటే బావుంటుంది. కాంట్ కోరిన స్వేచ్ఛ మనకీ పూర్తిగా లేదు.

ఈ వాదం నిలబడుతుందా లేదా అన్నది ఆయన బతుకులోనే చూడొచ్చు. వ్యాసంలో "ఎంతైనా వాదించండి, కానీ విధేయంగా ఉండండి" అనే రాజుగా తన ప్రష్యా దేశపు ఫ్రెడరిక్‌ని మెచ్చుకున్నాడు. 1786లో ఆ రాజు పోయాడు. తర్వాత వచ్చిన రాజు 1794లో కాంట్‌కి మందలింపు పంపాడు, మతం మీద ఇక రాయొద్దని. కాంట్ "మీ విధేయుడైన ప్రజగా" రాయనని మాటిచ్చాడు. 1797లో ఆ రాజు కూడా పోయాడు. నేను మాటిచ్చింది ఆయనకి ప్రజగా కదా అని 1798లో మళ్లీ రాశాడు. తెలివా, పిరికితనమా? క్లాసులో దీని మీద చర్చ పెడితే బెల్లు కొట్టినా పిల్లలు లేవరు.

ఈ మూడూ అయ్యాక ప్రభుత్వం మీద రాసినవాళ్ల దగ్గరికి రండి. మాంటెస్క్యూ "స్పిరిట్ ఆఫ్ లాస్" (1748) మొత్తం చదవాలని చూడకండి, అదో అడవి. పదకొండో భాగంలో నాలుగు, ఆరు అధ్యాయాలు తీయండి. నాలుగులో అసలు సూత్రం ఉంది: అధికారం ఉన్న ప్రతివాడూ దాన్ని హద్దు దొరికేదాకా లాగుతాడు, కాబట్టి అధికారాన్ని అధికారమే ఆపేలా ఏర్పాటు ఉండాలి. ఆరులో ఇంగ్లండు రాజ్యాంగం. ఆయన వర్ణించినట్టు ఇంగ్లండు నిజంగా లేదు, మంత్రులు పార్లమెంటులోనే కూర్చునేవాళ్లు. అయినా అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు ఈ అధ్యాయాన్నే ప్రమాణంగా పట్టుకున్నారు. అయ్యాక పద్నాలుగో భాగం కూడా తిరగేయండి. వేడి దేశాల వాళ్లు సహజంగా పిరికివాళ్లు, అందులో భారతీయుల సంగతి చెప్పక్కర్లేదు అన్న ధోరణి. మీ మూడో ప్రశ్నకి జవాబు అక్కడుంది. దీనికి సమాధానం యూరప్ నుంచే వచ్చింది: మన దేశంలో కొన్నేళ్లు తిరిగి వెళ్లిన ఆంక్వెటీల్ దుపెరాన్ 1778లో ఒక పుస్తకం రాసి, ఆసియాలో చట్టమూ లేదు, సొంత ఆస్తీ లేదు అన్న మాట అబద్ధమని వాదించాడు. ఆ అబద్ధం మన భూములు లాక్కోవడానికి సాకు అవుతుందని కూడా గమనించాడు.

లాక్ ప్రభుత్వం మీద రాసిన "రెండో గ్రంథం" లో అయిదో అధ్యాయం, చివరి అధ్యాయం చాలు. 1689లో పేరు లేకుండా వచ్చింది, నాదే అని ఆయన బహిరంగంగా ఒప్పుకోలేదు, వీలునామాలో మాత్రం రాశాడు. నేల మీద ఎవరి శ్రమ కలిస్తే అది వారి ఆస్తి అంటూ, అదే ఊపులో "నా పనివాడు కోసిన గడ్డి" కూడా నాదే అనేస్తాడు. ఈ వాక్యం దగ్గర ఆగి గీత కొట్టుకోండి. వ్యవసాయ కుటుంబాల పిల్లలు నాకన్నా ముందే పట్టేస్తారు దాన్ని. లాక్ చదివిన రోజే హ్యూమ్ వ్యాసం "అసలు ఒడంబడిక గురించి" కూడా చదవండి. ప్రభుత్వానికి మనం ఒప్పుకున్నట్టే లెక్క, లేకపోతే దేశం వదిలి వెళ్లేవాళ్లం కదా అన్న వాదాన్ని హ్యూమ్ ఒక్క ఉదాహరణతో తీసిపారేస్తాడు: నిద్రలో ఉన్నవాణ్ణి ఓడ ఎక్కించి, నడిసముద్రంలో "ఇష్టం లేకపోతే దూకు" అన్నట్టుంది అంటాడు.

రూసో మీద నాకు కొంచెం చిరాకు ఉంది, ముందే చెబుతున్నాను. "సామాజిక ఒడంబడిక" (1762) మూడో భాగం పదిహేనో అధ్యాయం మాత్రం ఎన్నికలొచ్చినప్పుడల్లా చదువుకోవాల్సిందే: ఇంగ్లిష్ ప్రజలు స్వేచ్ఛగా ఉన్నామనుకుంటారు, ఓటేసే రోజున తప్ప వాళ్లకి స్వేచ్ఛ లేదు, సభ్యులు ఎన్నికవగానే మళ్లీ బానిసలే. అదే ఏడాది వచ్చిన "ఎమీల్" అయిదో భాగంలో ఆడపిల్ల చదువంతా మగవాణ్ణి మెప్పించడం కోసమే అంటాడు. దాని పక్కనే ఇంగ్లిష్ రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల మీద రాసిన 1792 పుస్తకం పెట్టుకోండి. స్త్రీకి బుద్ధి ఉందా లేదా చెప్పండి, ఉంటే దాన్ని పెంచకుండా గుణం ఎక్కణ్ణుంచి వస్తుంది అని రూసోని పేరు పెట్టి మరీ కడిగేస్తుంది. మా అమ్మాయిలు ఈ జంట పాఠం ఇష్టంగా చదువుతారు.

తీరిక దొరికినప్పుడు డిడెరో, దాలంబేర్‌ల ఎన్‌సైక్లోపీడియాలో కాసేపు తిరగండి. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు వ్యాసాలు ఇంగ్లిష్‌లో పెడుతున్నారు. 17 సంపుటాల వ్యాసాలు, 11 సంపుటాల బొమ్మలు. బొమ్మల్లో గుండుసూది తయారీ, మగ్గాలు, పనివాళ్ల చేతులు ఉంటాయి. ప్రగతి అనే మాటకి వాళ్లు ఇచ్చిన అర్థం అక్కడ కళ్లకి కనిపిస్తుంది. సెన్సారుని తప్పించుకునే కొంటెతనం "ఇదీ చూడండి" అన్న సూచనల్లో ఉంది. నరమాంస భక్షకుల వ్యాసం చివర, క్రీస్తు శరీరంగా రొట్టె తినే చర్చి ఆచారం మీది వ్యాసం చూడమంటారు! 1752లో రాతప్రతులు పట్టుకోమని ఆజ్ఞ వస్తే, ఆ సెన్సారు శాఖ అధికారి మాల్జెర్బే వాటిని తన ఇంట్లోనే దాచిపెట్టించాడు.

కాండోర్సేని మాత్రం చివరికి ఉంచండి, ముందు చదివితే ఒట్టి ఆశావాదిలా కనిపిస్తాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1793లో అరెస్టు వారెంటు వచ్చాక ప్యారిస్‌లో మదామ్ వెర్నే అనే ఆవిడ ఇంట్లో తలదాచుకుని, మానవ బుద్ధి ప్రగతి చరిత్ర రాశాడు. పది యుగాలుగా విడదీశాడు, పదోది భవిష్యత్తు. దేశాల మధ్య అసమానత పోతుందని, ఆడామగా తేడా చట్టాల్లోంచి తొలగుతుందని, బానిసత్వం అంతమవుతుందని, మనిషి ఆయుష్షు పెరుగుతుందని రాశాడు. 1794 మార్చిలో ఆ ఇల్లు వదిలి, పట్టుబడి, జైల్లో చనిపోయాడు. పుస్తకం మరుసటేడు వచ్చింది. పదో యుగం చదివి, ఏ జోస్యం నిజమైంది, ఏది కాలేదో మార్జిన్లో టిక్కులు పెట్టుకోండి.

ఇంకా ఓపిక ఉంటే ఆడం స్మిత్ 1776 పుస్తకం "వెల్త్ ఆఫ్ నేషన్స్"లో నాలుగో భాగం ఏడో అధ్యాయం, అందులో ఈస్టిండియా కంపెనీ ఉన్న పేజీలు చూడండి. వ్యాపారుల కంపెనీ రాజ్యమేలినా తనని తాను రాజుగా భావించుకోలేదు, ఏలే దేశం బాగుపడితే తనకే లాభమని దానికి తట్టదు అంటాడు. ధాన్యం ధరల మీద, వెండి మీద ఉన్న సుదీర్ఘమైన పక్కదారులు నిక్షేపంగా వదిలేయండి, ఎకనామిక్స్ వాళ్లు తప్ప ఎవరూ వాటి గురించి అడగరు.